వీధిలోకి వచ్చిన పైజామా

మొన్న ఉదయం చెత్తబుట్ట బయట పెట్టడానికి రాత్రి దుస్తులతోనే కిందికి దిగిన నేను, మోకాళ్ల దగ్గర ఉబ్బిపోయిన పైజామానూ, చొక్కా కిందనుంచి వేలాడుతున్న బొందునూ లిఫ్టు అద్దంలో చూసుకుని సిగ్గుపడ్డాను. పక్కనున్న కుర్రవాడు మాత్రం అలాంటి దుస్తుల్లోనే, భుజాన సంచితో, నిశ్చింతగా కాలేజీకి బయలుదేరాడు.

నిజానికి పైజామా పడకగది కోసం పుట్టినది కాదు. పారశీకంలో ‘పాయ్’ అంటే కాలు, ‘జామా’ అంటే వస్త్రం. పగలు నలుగురిలో తొడుక్కునే ఈ వదులు దుస్తును భారతదేశంలో చూసి ముచ్చటపడిన ఆంగ్లేయులు తమ దేశానికి తీసుకువెళ్లి, 19వ శతాబ్దం చివరికల్లా నిద్రవేళ దుస్తుగా మార్చేశారు. అందువల్ల అది ఇప్పుడు వీధిలోకి రావడాన్ని తిరుగు ప్రయాణం అనవచ్చేమో! 1920లలోనే ఐరోపా సముద్రతీరాల్లో స్త్రీలు పైజామాలతో షికారు చేయడం ఫ్యాషన్ అయింది.

అధికారులకు మాత్రం ఇది అంతగా రుచించలేదు. 2010లో ప్రపంచ ప్రదర్శనకు ముందు షాంఘైలో పైజామాలతో బయటికి రావద్దని ప్రచారం చేశారు. 2020లో చైనాలోనే అన్‌హుయ్ రాష్ట్రంలోని సుజౌ నగరపాలకులు, పైజామాలతో తిరిగినవారి ఫొటోలను వివరాలతో సహా బయటపెట్టి, విమర్శలు వెల్లువెత్తాక క్షమాపణ చెప్పుకున్నారు. నా దృష్టిలో ఆ పనే అసలైన అనాగరికం.

ఇంత తెలిసినా, నిన్న నేను ప్యాంటు తొడుక్కునే చెత్తబుట్టతో దిగాను. తీరా చూస్తే లిఫ్టులో ఎవరూ లేరు.