రెండు స్క్రూల గొడవ

సాయంత్రం నుంచి గేటు దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళి చూసొచ్చాను. బండి కొత్త నంబర్ ప్లేటు తళతళలాడుతోంది, దానికేం? నా బాధంతా ఆ స్క్రూల మీదే.

ఎవరు బిగించారో చెప్పక్కర్లేదు కదా. మా మరిది ఫ్రెండు. "అంతా నేను చూసుకుంటానప్పా" బాపతు. మా బండి 2014ది. 2019 ఏప్రిల్‌కి ముందు కొన్నవాటికి ఈ హై సెక్యూరిటీ ప్లేటు మనమే బుక్ చేసి వేయించుకోవాలి. స్కూల్ నుంచి వచ్చాక సైట్ తెరిచి కూర్చునే ఓపిక లేక, ఆర్సీ ఫోటో వాడికి వాట్సాప్‌లో పంపి ఊరుకున్నాను. వాడేమో బుకింగ్‌లో తన ఫోన్ నంబరే ఇచ్చుకున్నాడు. ఇంకేముంది, మెసేజ్‌లన్నీ వాడికే. నా బండి సంగతి నేను వాణ్ణి బతిమాలి తెలుసుకోవాలి. మూడు వారాలు "రేపప్పా, రేపప్పా".

ఇవాళ పాత ఒడియా పేపర్లో చుట్టిన ప్లేట్లు చంకలో పెట్టుకుని దిగాడు. అసలు డీలరు దగ్గర వాళ్ళ మనిషే బిగించాలి. ప్లేటుని పట్టి ఉంచే ఆ స్నాప్ లాకులు ఒకసారి పడితే విరగ్గొడితే తప్ప ఊడవు, మళ్ళీ పనికిరావు. వీడు జేబులోంచి మామూలు స్క్రూలు తీసి, స్క్రూడ్రైవర్ కూడా మా ఇంట్లోదే అడిగి తిప్పేశాడు.

"లాకులేవిరా?"

"దార్లో ఎక్కడో పడిపోయాయప్పా. ఇవి ఇంకా గట్టివి."

గట్టివట! అశోక చక్రం హోలోగ్రామ్, మూలన లేజర్‌తో చెక్కిన కోడు, అదీ ముందు ప్లేటుకొకటి వెనక ప్లేటుకొకటి. ఇంత హంగూ చేసి చివరికి రూపాయి స్క్రూ. మా చిన్నాడు ఊడదీసి చూపిస్తానని తయారయ్యాడు కూడా.

నాన్న బండి గుర్తొచ్చింది. 1991లో కొన్నారు. ఒడిశాలో ఆంధ్రా అంచునున్న మా పర్లాకిమిడి అప్పటికి గంజాం జిల్లాలోనే ఉంది, గజపతి జిల్లా ఆ మరుసటి ఏడాది వచ్చింది. నంబరు రాయించే పని నాన్న కూడా ఎవరో స్నేహితుడికే అప్పజెప్పారు. ఆయన షాపుల బోర్డులు రాసే పెయింటర్ దగ్గర పడేశాడు. అతను పొద్దుటి నుంచి ఒడియా బోర్డు రాస్తూ ఉన్నాడేమో, అదే చేత్తో మా నంబర్లో చివరి నాలుగుని ఒడియా అంకెలో లాగించేశాడు. ఒడియా నాలుగంటే పైన కాస్త నోరు తెరిచిన 8. ఎవరూ చూసుకోలేదు. ఆదివారం నన్ను ముందు నిలబెట్టుకుని పాతపట్నం దుర్గమ్మ గుడికి బయల్దేరితే, ఆంధ్రా వైపు ఓ కానిస్టేబులు ఆపాడు. ఆర్సీలో నాలుగు, బండి మీద ఎనిమిది! "ఇది ఒడియా నాలుగు సార్" అని నాన్న. "నాలుక్కి రెండు సున్నాలెందుకయ్యా" అని ఆయన. నాన్న వేలితో పెట్రోల్ ట్యాంకు దుమ్ములో ఒకటి నుంచి పది దాకా ఒడియా అంకెలు రాసి చూపించారు. కానిస్టేబులు తొమ్మిది దగ్గర నవ్వేసి వదిలేశాడు. ఇంటికొచ్చాక కిరసనాయిలు గుడ్డతో తుడిచి, నాన్నే దాన్ని దిద్దారు. అది మిగతా అంకెల కంటే లావుగా వచ్చింది. బండి అమ్మేదాకా అలాగే ఉంది.

నాన్న ఆ స్నేహితుణ్ణి ఒక్క మాట అన్నట్టు గుర్తు లేదు. నేను ఇవాళ వీణ్ణి గుమ్మంలో నిలబెట్టి పదిహేను నిమిషాలు దులిపాను.

ఇంకో సంగతి కూడా ఉంది, ఇందాక చెప్పలేదు. మొదట సైట్‌లో వివరాలు సరిపోలడం లేదని వచ్చేది. ఆర్సీ మీద ఇంజన్ నంబరు చెరిగిపోయి, 3ని 8 అనుకున్నాం. వాడే ఓ సాయంత్రం వచ్చి, మా వాకిట్లో బోర్లా పడుకుని, ఫోన్ లైటు వేసుకుని, మడ్డి తుడిచి చదివాడు. చొక్కా అంతా నలుపైంది. నేను లోపల పేపర్లు దిద్దుకుంటున్నాను. టీ ఇచ్చినట్టు కూడా లేదు.

అయినా లాకులు పారేసుకోవడం తప్పే కదా!

మా ఆయన స్క్రూల మీద ఫెవిక్విక్ పోసేద్దామంటున్నారు. ఆయన్ని కదిపి లాభం లేదు. డీలరు దగ్గరికెళ్ళి కొత్త లాకులు అడగాలి. సోమవారం నాకు ఇన్‌స్పెక్షన్. ఇప్పుడే వాడికి మెసేజ్ పెట్టాను: "బాబూ, సోమవారం ఖాళీయేనా?"