నా సింగిల్ నెక్ ఇచ్చి ఆ డబుల్ నెక్ తీసుకోవాలా?

పెడల్ స్టీల్ గిటార్ అంటే బార్ అనే లోహపు కడ్డీని తీగల మీద ఆనించి, పాదాలతో, మోకాళ్లతో తీగల శ్రుతి మారుస్తూ వాయించే వాద్యం. నాది పది తీగల సింగిల్ నెక్, అంటే ఒకే తీగల వరుస ఉన్నది. ఇ9 అనే శ్రుతి అమరికలో ఉంటుంది. పాదంతో తొక్కే మూడు పెడళ్లు (ఎ, బి, సి), మోకాలితో నెట్టే నాలుగు లివర్లు ఉన్నాయి. ఎంతోకాలంగా ఈ వాద్యాన్ని వాయిస్తున్న ఒక పెద్దాయన, ఇ9తో పాటు సి6 శ్రుతిలో రెండో నెక్ కూడా ఉన్న తన ఎమన్స్ కంపెనీ పుష్-పుల్ గిటార్‌ను (తీగల శ్రుతిని కడ్డీలను లాగి పెంచే, నెట్టి తగ్గించే రకం) నాకిచ్చి నా గిటార్‌ను తీసుకుంటానని ఈ మధ్య అడిగారు. పెట్టెతో కలిపి 30 కిలోలు దాటే ఆ బరువును కార్యక్రమాలకు మోసుకెళ్లడం ఇక తన వల్ల కాదన్నది ఆయన కారణం. డబ్బు ప్రసక్తి లేని నేరు మార్పిడి కనుక, ఏ గిటార్‌తో నేను మెరుగ్గా వాయించగలను అన్న ఒక్క ప్రశ్నకే సమాధానం వెతుక్కోవలసి వచ్చింది.

నాదం విషయంలో నాకు సందేహమే లేదు. 1960లలో రూపుదిద్దుకున్న ఆ పుష్-పుల్ యంత్రాంగాన్ని ఇప్పటికీ ఎందరో వెతికి కొనుక్కోవడానికి కారణం దాని నాదమే. బార్‌ను పన్నెండో ఫ్రెట్ పైన ఆనించి పై తీగలను మీటితే స్వరం స్పష్టంగా పలికి, చివరిదాకా పలచబడకుండా నిలుస్తుంది. నా గిటార్‌లో అంత నిండుదనం లేదు. అయితే నాదంలో కొంత భాగం పికప్‌ది, కొంత యాంప్లిఫయర్‌ది, ఎక్కువ భాగం కుడిచేతిది. అదే గిటార్‌ను ఆయన వాయించినప్పుడు విన్న గుండ్రదనం నేను వాయించినప్పుడు సగమే వినిపించింది. ఆ మిగతా సగాన్ని నా గిటార్ మీద సాధన చేసి కూడా కొంత సంపాదించుకోవచ్చు.

ఈ వాద్యానికి ప్రాణం పెడల్‌లో ఉంది. 1954లో విడుదలైన, అమెరికన్ కంట్రీ గాయకుడు వెబ్ పియర్స్ రికార్డులో స్టీల్ గిటార్ వాదకుడు బడ్ ఐజాక్స్, తీగలు మోగుతుండగానే పెడల్ తొక్కి ఒక స్వరాన్ని మరో స్వరంలోకి జార్చారు. ఆ తరువాత స్టీల్ గిటార్ వాదకుల్లో చాలామంది అదే దారి పట్టారు. ఆ జారు ఎంత మెత్తగా మొదలవుతుంది, పాదం ఎంత దిగాక స్వరం కుదురుతుంది, సగంలో ఆపి పట్టుకోగలమా లేదా అన్నవన్నీ తీగ కింద ఉన్న యంత్రాంగం మీదా, దానికి అలవాటుపడిన కాలి మీదా ఆధారపడతాయి. అందుకే రెండు గిటార్ల ముందూ కూర్చుని నేను ముఖ్యంగా గమనించింది నా కాళ్లనే.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇ9 శ్రుతిలో జి మేజర్ స్వరసముదాయం (కార్డ్) మూడో ఫ్రెట్ దగ్గర పెడళ్లు లేకుండా దొరుకుతుంది. ఆరో ఫ్రెట్ దగ్గర ఎ పెడల్‌తో పాటు ఇ తీగలను అరస్వరం పెంచే లివర్‌తో దొరుకుతుంది. పదో ఫ్రెట్ దగ్గర ఎ, బి పెడళ్లను కలిపి తొక్కితే దొరుకుతుంది. అదే ఇ తీగలను అరస్వరం తగ్గించే లివర్‌ను వాడితే ఎనిమిదో ఫ్రెట్ దగ్గర కూడా వస్తుంది. నేను వాయించే నెమ్మది పాటల్లో పదో ఫ్రెట్ నుంచి ఎనిమిదో ఫ్రెట్‌కు దిగడం తరచుగా ఉంటుంది: ఎడమ పాదం పెడళ్లను విడుస్తుండగా బార్ కిందికి జరుగుతుంది, ఎడమ మోకాలు కుడివైపుకు కదిలి ఇ తీగలను తగ్గిస్తుంది. నా గిటార్‌లో ఇదంతా ఒకే కాలి పని కనుక విడవడం, నొక్కడం ఒకే కదలికగా సాగిపోతాయి. ఆయన గిటార్‌లో ఆ తగ్గించే లివర్ కుడి మోకాలికి ఉంది. కుడి పాదం వాల్యూమ్ పెడల్ మీద ఉంటుంది కనుక, మోకాలు పక్కకు కదిలిన ప్రతిసారీ నా చేతిలో నాదం స్వల్పంగా ఎగసిపడింది. ఆయనకు అలా జరగదు, ఎందుకంటే ఆయన కాలు ఆ అమరికతోనే పెరిగింది.

నాది ఆల్-పుల్ గిటార్, అంటే శ్రుతి పెంచడానికీ తగ్గించడానికీ కడ్డీలను లాగడమే ఉండే రకం కనుక, లివర్ల పనిని మార్చుకోవాలంటే అడుగున ఉన్న కడ్డీలను విప్పి మరో చోట తగిలించి, చివరి పలక దగ్గరున్న నైలాన్ నట్లతో మళ్లీ శ్రుతి చేసుకుంటే చాలు. పుష్-పుల్‌లో అంత సులువు కాదు. అక్కడ ఒకే తీగను రెండు పెడళ్లు పెంచే సందర్భాలు, అంటే ఐదో తీగను ఎ పెడల్, సి పెడల్ రెండూ బి నుంచి సి షార్ప్‌కు చేర్చడం వంటివి, రెండు వైపులా సమంగా కుదరాలంటే ఓపికా అనుభవమూ కావాలి. బాగా కుదిరి ఉన్న పాత గిటార్‌ను నా సౌకర్యం కోసం విప్పడం నాకు ఇష్టం లేదు.

ట్యూనర్ పెట్టి మరో పరీక్ష కూడా చేశాను. మార్పిడి ఆలోచన ఉన్న ప్రతి ఒక్కరూ ఇది తప్పక చేయాలి. నాలుగో తీగను మోగించి, అది మోగుతుండగా ఎ, బి పెడళ్లను కలిపి తొక్కాలి. ఆ పెడళ్లు నాలుగో తీగను తాకవు; అయినా లాగే బలానికి గిటార్ ఒళ్లు కొద్దిగా వంగి ఆ తీగ శ్రుతి కొన్ని సెంట్లు (అరస్వరంలో నూరో వంతులు) పడిపోతుంది. పాత గిటార్‌లో ఈ పతనం నా గిటార్‌లో కన్నా తక్కువగానే ఉంది. దాన్ని తయారుచేసిన వారి పనితనానికి మనసారా నమస్కరించాను. ఫ్రెట్ల దూరం విషయంలో తేడా రాలేదు, ఎందుకంటే రెండింటి స్కేల్ పొడవూ (తీగ మోగే భాగపు పొడవు) 24.25 అంగుళాలే. 24 అంగుళాల గిటార్ అయి ఉంటే బార్ పట్టే చేతికీ కంటికీ కొత్త సర్దుబాటు కావలసి వచ్చేది.

నన్ను నిజంగా ఊగిసలాడించింది రెండో నెక్. సి6 శ్రుతిలోని ఆ గంభీరమైన కింది తీగలు, జాజ్ ధోరణిలో కదిలే స్వరసముదాయాలు నాకు చాలా ఇష్టం. నా గిటార్‌ను ఉంచుకుంటే ఆ ద్వారం మూసుకుపోతుందేమోనన్న దిగులు కలిగింది. కానీ సి6 నేర్చుకోవాలంటే ఇ9 సాధనకు ఇస్తున్న సమయంలోంచే తీయాలి, ఆ ఇ9 నా చేతిలో ఇంకా పరిపక్వం కాలేదు. పైగా ఇ9, బి6 శ్రుతులను ఒకే నెక్ మీద కలిపే పన్నెండు తీగల యూనివర్సల్ గిటార్లు ఉన్నాయి. ఆ కోరిక బలపడిన రోజున, నా ఎడమ మోకాలి అలవాటును వదులుకోకుండానే ఆ వైపు వెళ్లవచ్చు.

అందుకని మార్పిడి వద్దనుకున్నాను. ఆయనకు కారణాలన్నీ చెప్పాను, లివర్ సంగతితో సహా. ఆయన వెంటనే ఒప్పుకుని, తానైనా అలాగే చేసేవాడినన్నారు. సి6 శ్రద్ధగా వాయించే మరొకరికి ఆ గిటార్ గురించి చెబుతానని మాట ఇచ్చాను. నా గిటార్‌కు ముందుగా పికప్ మార్చి చూస్తాను. ఆరో తీగగా వాడుతున్న చుట్టు తీగ (పైన సన్నని తీగ చుట్టినది) స్థానంలో సాదా తీగను కూడా వేసి చూడాలి. దానికి లివర్ ప్రయాణం తగ్గుతుంది కనుక జి షార్ప్ నుంచి ఎఫ్ షార్ప్‌కు దిగడం ఇప్పటికన్నా తేలికవుతుంది.