అబ్బ తోటలో డ్రిప్పు పైపు

మా బుడ్డోడు ఇజ్రాయెల్‌లోని బీర్‌షెబాలో నర్సరీకి పోయిన మొదటి నెలలోనే వాళ్ళ నాన్నను "అబ్బా" అనడం మొదలుపెట్టాడు. హీబ్రూలో అబ్బా అంటే నాన్న. మా అనంతపురం వైపు అబ్బ అంటే తాత. శనివారం ఊరికి వీడియో కాల్ చేసినప్పుడు వాడు "అబ్బా" అని ఒక్క కేక పెడితే ఇటు మా ఆయన, అటు మా నాన్న ఇద్దరూ పలుకుతారు. వాడికి ఏ ఇబ్బందీ లేదు. నాకే మొదట్లో మనసు కలుక్కుమనేది.

మా ఆయన బెన్ గురియన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నారు. పాపకు తొమ్మిదేళ్ళు, బాబుకు ఐదు. వీళ్ళు తెలుగు మర్చిపోతారేమోనన్న టెన్షన్ ఇక్కడికి వచ్చిన రోజు నుంచీ నన్ను వదల్లేదు. ఆ మధ్య పాపను స్కూలు వాళ్ళు హత్సెరీమ్ కిబ్బుట్జ్‌కు తీసుకెళ్ళారు. కిబ్బుట్జ్ అంటే పనీ సంపాదనా అందరూ కలిసి పంచుకునే ఊరు. మా ఇంటి నుంచి కారులో పావుగంట కూడా పట్టదు. సాయంత్రం జానెడు నల్ల పైపు ముక్క పట్టుకుని వచ్చింది. లోపల డ్రిప్పరు, పైన సన్నటి బెజ్జం. శనివారం దాన్ని ఫోను ముందు పెట్టి, "అబ్బా, ఇది మా దగ్గర పుట్టింది" అంది.

మా నాన్న చీనీ తోటలోనే ఉన్నాడు. ఫోను కిందికి వంచి, చెట్టు పాదులో చుక్కచుక్కగా తడుస్తున్న మట్టిని చూపించాడు. "పుట్టడం ఆడ పుట్టిందేమో పాపా, బతకడం మాత్రం మన తోటలో ఇరవై ఏండ్లుగా బతుకుతాంది" అన్నాడు. 2003లో రాష్ట్ర ప్రభుత్వం సూక్ష్మ సేద్యం పథకం మొదలుపెట్టాక, సబ్సిడీ మీద ఆయన వేయించుకున్న డ్రిప్పు అది. ఆ మాట నాకు చాలా రోజులు చెవిలో మోగింది. అప్పుడే హత్సెరీమ్ కథ తెలుసుకోవాలనిపించింది.

1946 అక్టోబరులో, యోమ్ కిప్పుర్ ఉపవాసం ముగిసిన రాత్రి, నెగెవ్ ఎడారిలో ఒకేసారి 11 చోట్ల యూదులు గుడారాలు వేశారు. అందులో ఒకటి హత్సెరీమ్. వచ్చినవాళ్ళంతా కుర్రవాళ్ళు. కొందరు ఇక్కడే పెరిగిన స్కౌట్లు. వాళ్ళతో కలిసినవాళ్ళను "టెహ్రాన్ పిల్లలు" అంటారు. పోలండ్ నుంచి యుద్ధంలో పారిపోయి, చాలామంది అమ్మానాన్నలను పోగొట్టుకుని, రష్యా దాటి, టెహ్రాన్ మీదుగా 1943లో ఇక్కడికి చేరినవాళ్ళు. తల్లి దగ్గర నేర్చుకున్న భాష ఒకటి, బతకడానికి నేర్చుకున్న భాష ఇంకొకటి. నా పిల్లలకు కనీసం అమ్మానాన్నా ఉన్నారు, శనివారం ఫోనులో అబ్బ ఉన్నాడు.

ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన పడే చోటు. కరువు జిల్లా అని పేరుపడ్డ మా అనంతపురంలోనే 500 దాటుతుంది. 1947లో నెగెవ్‌కు నీటి లైను వేశారు. యుద్ధకాలంలో లండన్‌లో బాంబు మంటలు ఆర్పడానికి వాడిన పైపులను కొని తెచ్చి వేసిన లైను అది. నీళ్ళు వచ్చినా నేల సహకరించలేదు. ఉప్పు. మా వైపు చౌడు అంటామే, అదే. ఊరు ఎత్తేసి వేరేచోటికి పోదామా అనేదాకా వచ్చి, చివరికి ఉందామనే నిర్ణయించుకున్నారు. నేలను నీళ్ళతో కడిగి కడిగి ఉప్పును కిందికి దించారు.

1965లో సిమ్హా బ్లాస్ అనే నీటి ఇంజనీరుతో ఒప్పందం చేసుకుని, డ్రిప్పు పైపులు తయారుచేసే నెటాఫిమ్ కంపెనీ పెట్టారు. నెటాఫిమ్ అంటే నీటిచుక్కలు. వ్యవసాయం ఒక్కటే ఊరిని పోషించదని తెలిసి, బయట కూలీలను పెట్టుకోకుండా సభ్యులే నడుపుకోగల పరిశ్రమ కోసం వెతుకుతున్న సమయమది. ఆ కంపెనీలో 80 శాతం వాటా ఇప్పుడు ఒక మెక్సికో సంస్థది, కిబ్బుట్జ్ దగ్గర 20 శాతం మిగిలింది. ఊరివాళ్ళు జొజోబా అనే నూనెగింజల మొక్క తోటలు వేసి నూనె కూడా తీస్తారు. 1980ల అప్పుల సంక్షోభం తర్వాత చాలా కిబ్బుట్జులు ఎవరి జీతం వాళ్ళది అనే పద్ధతికి మారాయి. హత్సెరీమ్ మాత్రం అందరి సంపాదనా ఒక్కచోట వేసే పాత పద్ధతినే పట్టుకుని ఉంది.

నాకు మింగుడుపడనిది ఒక్కటే, పిల్లల ఇళ్ళు. అప్పట్లో కిబ్బుట్జ్ పిల్లలు రాత్రిళ్ళు తల్లిదండ్రుల దగ్గర పడుకునేవాళ్ళు కాదు. అందరికీ కలిపి ఒక ఇల్లు. అమ్మానాన్నలను చూసేది సాయంత్రం కొన్ని గంటలు. కొత్త మనుషుల్ని తయారు చేయాలన్న ఆశతో చేశారు. 1990ల చివరికి ఎక్కడా మిగల్లేదు. మంచి ఆశయమే అయినా, అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచిన పిల్లకు పక్కన అమ్మ ఉండాలి. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు.

పాప ఇంకో ప్రశ్న అడిగింది. "వాళ్ళు రాకముందు ఇక్కడ ఎవరుండేవాళ్ళమ్మా?" బెదూయిన్లు, ఎడారిలో బతికే అరబ్బు తెగలవాళ్ళు, అన్నాను. బీర్‌షెబా దాటితే రోడ్డు పక్కనే రేకుల ఇళ్ళు కనిపిస్తాయి. వాటిలో చాలా ఊళ్ళకు ప్రభుత్వ గుర్తింపు లేదు, కుళాయి కనెక్షన్ లేదు. నీటిచుక్కను ప్రపంచానికి అమ్మిన చోటే అది కూడా ఉంది. రెండూ పాపకు తెలియాలి.

భాష సంగతికొస్తే, నేను రోజూ అక్షరాలు దిద్దించడం మానేశాను. దానికి తెలుగుతో పని పడాలి, అంతే. ఆ పని మా నాన్నే కల్పించాడు. పోయిన శనివారం లేటరల్ (చెట్ల వరుస వెంట పోయే డ్రిప్పు పైపు) చివర మూత విప్పి, తెల్లటి ఉప్పునీళ్ళు బయటికి పోనిస్తూ, "పాపా, మన దిగువ మడి చౌడెక్కతాంది. ఆ ఊరోళ్ళు నేలను కడగనీకి ఎన్ని తడులు పెట్టినారో, ఆ నీళ్ళు యాడికి పోయినాయో మీ టీచర్ని అడిగి నాకు చెప్తావా?" అన్నాడు.

పాప పరిగెత్తుకెళ్ళి హీబ్రూ నోటుపుస్తకం తెచ్చుకుంది. కుడి నుంచి ఎడమకు రాసే ఆ పుస్తకంలో, ఎడమ అంచు నుంచి మొదలుపెట్టి, నన్నడక్కుండా "చవుడు" అని రాసుకుంది.