పెరటి మామిడి మానును దించిన రెండు రోజులు

విజయనగరం జిల్లాలోని మా ఊళ్లో తాతగారి ఇంటి వెనుక ఉన్న నాటు మామిడిచెట్టును గత వేసవిలో, మే నెల చివరి వారంలో, మేమే కొట్టి దించుకున్నాం. టెంక నుంచి మొలిచిన చెట్టు కావడం వల్ల అది అంటు మామిడిలా గుబురుగా పరచుకోకుండా నిలువునా ఎదిగి దాదాపు 50 అడుగుల ఎత్తుకు పోయింది. మొదలు దగ్గర చుట్టుకొలత ఏడున్నర అడుగులు ఉండేది, అంటే అడ్డంగా కోస్తే సుమారు 29 అంగుళాలు. దాని కాయతో పెట్టిన ఆవకాయ తిని పెరిగినవాణ్ణి కనుక, దాన్ని కొట్టేయాలన్న మాట నా నోట రావడానికి మూడేళ్లు పట్టింది.

చెట్టుకు చేటు మొదలైంది 2014 అక్టోబరు 12న. హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటిన ఆ రోజున దక్షిణం వైపున్న పెద్ద కొమ్మ మొదలంటా చీలి పడింది. పడుతూ పడుతూ కాండం మీది బెరడును కూడా మనిషి ఎత్తున ఊడబెరుక్కుపోయింది. మనిషి ఒంటి మీద పుండు మానినట్టుగా చెట్టు గాయం మానదు. చెడిన చెక్క చెడినట్టే ఉంటుంది, దాని చుట్టూ చెట్టు కొత్త చెక్కతో గోడ కట్టుకుంటూ వస్తుంది. గాయం చిన్నదైతే ఆ గోడ సకాలంలో మూసుకుంటుంది. ఇంత పెద్ద గాయమైతే మూసుకునేలోగా తడి, బూజు లోపలికి దిగిపోతాయి. అప్పట్లో మేము మంచి చేస్తున్నామనుకుని ఆ తొర్రను సిమెంటుతో పూడ్చాం. అది పెద్ద తప్పు. గాలికి చెట్టు ఊగుతుంది కానీ సిమెంటు ఊగదు కనుక అంచున సందు పడుతుంది, ఆ సందులోంచి దిగిన వాననీరు మళ్లీ బయటికి రాదు. కొన్నేళ్లకు వానాకాలంలో చెట్టు మొదలు దగ్గర పలకల్లాంటి పుట్టగొడుగులు పొడుచుకురావడం, పైన చిటారు కొమ్మలు ఒక్కొక్కటిగా ఎండిపోవడం చూసినప్పుడు లోపల ఏం జరుగుతోందో అర్థమైంది. దక్షిణం కొమ్మ పోయాక మిగిలిన బరువంతా పడమటి వైపుకు, అంటే ఇంటి మీదికి, ఒరిగి ఉండడమే మా అసలు భయం.

మా చిన్నాన్న ముప్పై ఏళ్లకు పైగా సరుగుడు తోపుల్లోనూ ఊరూరి పెరళ్లలోనూ చెట్లు కొట్టించిన మనిషి. నాకు పెట్రోలు రంపం ఒకటి ఉంది; లీటరు పెట్రోలుకు ఎంత నూనె కలపాలో, గొలుసు పళ్లకు ఆకురాయి ఎలా పట్టాలో తెలుసు కానీ, కోసినవన్నీ నేలన పడి ఉన్న దుంగలే. ఆ మాటే చెబితే ఆయన, "పడుకున్న దుంగని కొయ్యడం వేరురా నాన్నా, నిలబడ్డ మాను వేరు. రంపం నువ్వే పట్టు, నేను పక్కనుంటాను. కానీ నేను ఆపమంటే ఆపేయాలి, ఎందుకని అప్పుడు అడక్కూడదు" అన్నారు. నేను ఒప్పుకున్నాను. ఆ ఒప్పందమే ఆ రెండు రోజులూ నన్ను కాపాడింది.

సొంత పెరట్లోని చెట్టే అయినా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా కొట్టకూడదు. కొట్టినందుకు బదులుగా మొక్కలు నాటాల్సిన బాధ్యత కూడా ఆ చట్టం పెడుతుంది. ఇంటికి ప్రమాదంగా ఉందని ఫొటోలతో దరఖాస్తు పెట్టుకుని, కాగితం చేతికి వచ్చాకే పని మొదలుపెట్టాం. నిజానికి మార్చిలోనే కొట్టవలసింది. కానీ పై తొర్రలో పైడికంటె జంట పిల్లలను పెట్టుకుని ఉండడంతో అవి ఎగిరిపోయే దాకా ఆగాం. ఆ ఆలస్యం వల్ల ఎండల్లో పని చేయవలసి వచ్చినా, ఆగినందుకు నాకు ఏనాడూ విచారం కలగలేదు.

చిన్నాన్న మొదటి పనిగా గొడ్డలి వెనుక భాగంతో కాండం చుట్టూ తట్టుకుంటూ తిరిగారు. గట్టి చెక్క ఉన్నచోట చిన్నగా, బిగువుగా మోగుతుంది. డొల్ల ఉన్నచోట ఖాళీ గాదెను తట్టినట్టు ఉంటుంది. తర్వాత పొడవాటి బరమాతో మోకాలి ఎత్తులోనూ ఛాతీ ఎత్తులోనూ నాలుగు దిక్కులా రంధ్రాలు వేయించారు. మూడు వైపులా పది అంగుళాల లోతు దాకా తెల్లని పొట్టు వచ్చింది. దక్షిణం వైపు మాత్రం ఛాతీ ఎత్తులో మూడు అంగుళాలకే, మోకాలి ఎత్తులో అయిదు అంగుళాలకు, బరమా ఒక్కసారిగా మెత్తగా దిగబడి, తేయాకు రంగు పొడి బయటికి వచ్చింది. కనుక కోత మోకాలి ఎత్తులోనే పడాలని నిర్ణయమైంది. పైకి పోయేకొద్దీ ఆ వైపు పట్టు తక్కువ. ఈ లెక్క మర్నాడు ఎంత అక్కరకు వస్తుందో అప్పటికి నాకు తెలియదు.

మొదటి రోజంతా కొమ్మలతోనే గడిచింది. లైన్‌మన్ వచ్చి ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని, అంటే లైనులో కరెంటు ఆపించి, ఇంటికి వచ్చే సర్వీసు వైరును విప్పాక, చెట్లెక్కడంలో ఆరితేరిన ఇద్దరు కుర్రవాళ్లు నడుముకు తాళ్లు కట్టుకుని పైకి వెళ్లారు. నన్ను చిన్నాన్న చెట్టెక్కనివ్వలేదు. ఇంటి మీదికి ఒరిగిన ప్రతి కొమ్మకూ మోకు కట్టి, ఆ మోకును పై పంగలోంచి కిందికి తెచ్చి, పక్కనున్న కొబ్బరిచెట్టు మొదలుకు మూడు చుట్లు తిప్పి కొసను నా చేతికిచ్చారు. రెండు మనుషుల బరువుండే కొమ్మను ఒక్కడినే ఎలా ఆపగలనని కంగారు పడ్డాను కానీ, చుట్టు చుట్టుకూ రాపిడి ఎన్నో రెట్లు పెరుగుతుంది కనుక, కొస బిగబట్టి కొద్దికొద్దిగా వదిలితే కొమ్మ నూతిలోకి చేద దిగినంత నెమ్మదిగా నేలకు దిగింది. పైనున్న కుర్రవాళ్లు ప్రతి కొమ్మకూ ముందుగా అడుగు నుంచి మూడో వంతు కోసి, ఆ తర్వాతే పైనుంచి కోసేవారు. అలా చేయకపోతే కొమ్మ సగంలో విరిగి కాండం బెరడును చీల్చుకుంటూ పోయి, పైనున్న మనిషి కాళ్ల మీదికే వస్తుంది. ఆకులు కుట్టి కట్టుకున్న ఎర్రచీమల గూళ్లు వాళ్లను చాలా బాధించాయి. సాయంత్రానికి 20 అడుగుల మోడు మాత్రం మిగిలింది. నా ముంజేతుల మీద మామిడి సొన పడిన చోటల్లా పొక్కులు లేచాయి. పొడుగు చేతుల చొక్కా వేసుకోమని చిన్నాన్న పొద్దుటే చెప్పారు, నేను ఉక్కకు ఓర్వలేక చేతులు పైకి మడిచాను.

రెండో రోజు అయిదున్నరకే మొదలుపెట్టాం. మధ్యాహ్నమైతే మే నెల గాలి ఎటు నుంచి విసురుతుందో చెప్పలేం. మోడును తూర్పుకు, ఒకప్పుడు పశువులశాల ఉన్న ఖాళీ జాగాలోకి, పడేయాలి. ఈశాన్యాన నుయ్యి ఉంది. పదిహేను అడుగుల ఎత్తున మోకు బిగించి, 45 అడుగుల దూరంలో ఉన్న తాటిచెట్టుకు కట్టిన గొలుసు కప్పీకి దాని రెండో కొస తగిలించారు; మోడు పడినా అందనంత దూరమన్నమాట. రంపం పట్టే నాకు వెనక్కి ఏటవాలుగా రెండు దారులు శుభ్రం చేయించి, కొబ్బరి మట్ట ఒక్కటి కూడా అడ్డం లేకుండా తీయించి, ఆ దారుల్లో నన్ను ఉత్తి చేతులతో రెండుసార్లు నడిపించారు. తలకు హెల్మెట్, కళ్లకు అద్దాలు, చెవులకు దూది పెట్టుకున్నాక ఆయన మాట వినిపించదు కనుక, పొడుగాటి వెదురు కర్రతో భుజం మీద తడితే ఆపేయాలని గుర్తు పెట్టుకున్నాం.

కోసే తీరు ఇది. పడవలసిన వైపు కాండంలో నాలుగో వంతు లోతున, తెరిచిన నోరులా గాటు తీయాలి. తర్వాత వెనుక నుంచి, గాటు అడుగు అంచు కంటే రెండంగుళాలు పైన, అడ్డంగా కోసుకుంటూ రావాలి. రెండు కోతలూ కలవకూడదు. మధ్యలో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, కాండం అడ్డంలో పదో వంతు, అంటే మాకు మూడు అంగుళాల చెక్క, మిగలాలి. మాను ఆ చెక్క మీదనే తలుపు మడతబందు మీద వాలినట్టు వాలుతుంది. అది ఉన్నంత సేపే మాను మన మాట వింటుంది.

గాటు తీస్తూ నాలుగంగుళాలు వెళ్లానో లేదో, రంపం కీచుమని అరిచి నిప్పురవ్వలు చిమ్మింది. కర్ర పడకముందే ఆపేశాను. ఉలితో తవ్వి చూస్తే లోపల ఇనుప కడియం ఉంది. ఆవును కట్టడానికి తాతగారు ఎప్పుడో దిగ్గొట్టినది. చెట్టు లావెక్కుతుందే కానీ మొదట్లో దిగిన మేకు పైకి లేవదు కనుక, అది మోకాలి ఎత్తునే ఉండిపోయి, బెరడు దాన్ని పూర్తిగా మింగేసింది. చుట్టూ చెక్క నీలపు నలుపు తిరిగి ఉంది. చెక్కలోని వగరుకు ఇనుము తగిలితే ఆ రంగే వస్తుంది. నాన్నగారు అరుగు మీద నుంచి లేచి వచ్చి దాన్ని చేత్తో తడిమి, ఆ ఆవు పేరు చెప్పారు.

గొలుసు పళ్లు మొద్దుబారడంతో వేరే గొలుసు వేసుకున్నాం. అసలు చిక్కు అది కాదు, గాటును అడుగు పైకి జరపాల్సి రావడం. పైకి పోతే దక్షిణం వైపు గట్టి చెక్క తగ్గిపోతుంది, మడతబందు ఒక కొస బలహీనమవుతుంది. చిన్నాన్న చాలాసేపు ఆలోచించి, కప్పీ మోకును నేరుగా కాక కొంచెం ఆగ్నేయానికి లాగేలా మరో చెట్టుకు మార్పించారు. వెనుక కోత సగమయ్యాక, ఒక అంచు పలచగా చెక్కిన చింతచేవ ముక్కలు రెండు సందులో దిగ్గొట్టారు. ఇనుపవి వాడితే రంపం తగిలి పళ్లు పోతాయి, చింతచేవకు ఆ భయం లేదు, నలిగిపోదు కూడా. ఉత్తరం వైపు నేను తొందరలో లోతుగా కోసేస్తుంటే భుజం మీద కర్ర పడింది. ఆపి చూస్తే ఆ వైపు మూడంగుళాలకు చేరువలో ఉన్నాను.

కప్పీ నాలుగు పట్లు లాగేసరికి సందు తెరుచుకుంది. లోపలి నుంచి సన్నని మూలుగు వినిపించగానే రంపం తీసేసి, పొద్దున నడిచి చూసుకున్న దారిన వెనక్కి వెళ్లాను. మోడు తూర్పుకే కదిలింది, కానీ సగం దారిలో దక్షిణపు కొస పుటుక్కున తెగి, ఉత్తరపు కొస ఇంకా పట్టుకుని ఉండడంతో, పట్టు ఉన్న వైపుకే మెలి తిరిగింది. నేల అదిరింది. కొస అనుకున్నచోటికి నాలుగడుగులు ఉత్తరంగా పడి, నూతి గట్టు మీది కప్పీ స్తంభాన్ని విరగ్గొట్టింది. మోకును ఆగ్నేయానికి మార్చకపోయి ఉంటే గట్టే కూలేదని చిన్నాన్న తర్వాత నేల మీద కర్రతో గీసి చూపించారు. దుమ్ము అణిగి, దుంగ దొర్లడం పూర్తిగా ఆగే దాకా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు.

తొర్ర పట్టిన మొదలు పొయ్యిలోకే పనికివచ్చింది. పై దుంగను వారం లోపలే కోత మిల్లుకు తోలాం, ఎందుకంటే మామిడి చెక్కకు పురుగు త్వరగా పడుతుంది. పలకలను మధ్య మధ్య పుల్లలు పెట్టి, కొసలకు రంగు పూసి, పాత వంటింటి నీడలో పేర్చాం. ఇంటికి 30 అడుగుల దూరంలో రెండు మొక్కలు నాటాం, ఒకటి సువర్ణరేఖ అంటు, రెండోది ఈ చెట్టు టెంకతోనే మొలిపించినది. నూతి స్తంభం కొత్తది పోయించాం. కడియాన్ని చెక్కలోంచి పీకవద్దని నాన్నగారు అన్నారు. దాని చుట్టూ జానెడు ముక్క కోసి అరుగు మీద పెట్టాం. మిగిలిన మొద్దును వచ్చే వేసవిలో తవ్వాలి. వేళ్లు నూతి వైపు ఎంత దూరం వెళ్లాయో ముందు చూడాలని, తాను వచ్చే దాకా గునపం పట్టవద్దని చిన్నాన్న చెప్పి వెళ్లారు.