మిరప కల్లంలో గుర్రం తల

బెజవాడలో మేడ ఎక్కితే మృగశిర, రోహిణి, ఇంకో పాతిక చుక్కలు కనిపిస్తాయి. అంతకు మించి ఆశపడకూడదు. అందుకే పుష్య అమావాస్యకి టెలిస్కోపు, కెమెరా, ల్యాప్‌టాప్ కార్లో వేసుకుని గుంటూరు అవతల పెదనందిపాడు వైపున్న మా అత్తగారి ఊరికి బయల్దేరాం, నేనూ మా బావమరిదీ. టెలిస్కోపుకి కెమెరా తగిలించి, అందులో పడేదాన్ని ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద చూడటం మా పద్ధతి. "పండక్కి రమ్మంటే పని ఉందంటారు, అమావాస్యకి మాత్రం పరిగెత్తుతారు" అని మా ఆవిడ దెప్పింది. నిజమే కాబట్టి ఏమీ అనలేదు.

వారధి దాటి కాజ టోల్‌గేటు దాకా మామూలు రోడ్డే. గుంటూరు దగ్గర పడ్డాక మిర్చి లారీలు మొదలయ్యాయి. టిక్కీలు ఆకాశమంత ఎత్తు పేర్చుకుని యార్డు వైపు పోతున్నాయి. అద్దాలు ఎత్తినా తుమ్ములు ఆగలేదు.

దారిలో బావమరిది తన సందేహం బయటపెట్టాడు. "బావా, స్క్రీన్ మీద చూడటం కూడా చూడటమేనా? అదేదో ఇంట్లో యూట్యూబ్‌లో చూసుకోవచ్చుగా."

ఈ ప్రశ్న గుంటూరులో అడగడం నాకు తమాషాగా అనిపించింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్స్ నుంచి పియేర్ జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఈ గుంటూరుకే వచ్చాడు. గ్రహణాన్ని ఒట్టి కంటితో కాదు, వెలుగుని రంగులుగా విడగొట్టే స్పెక్ట్రోస్కోపుతో చూశాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల గీతలు అందులో ఎంత కాంతిగా కనిపించాయంటే, వీటికి గ్రహణంతో పనేముంది అనుకుని మర్నాడు పొద్దున మామూలు ఎండలోనే మళ్ళీ చూసేశాడు. ఆ ఏడాది జ్వాలల్లో దొరికిన పసుపు గీతే హీలియం కథకి మొదలు. ఆ వాయువు భూమి మీద రామ్సే అనే రసాయన శాస్త్రవేత్త చేతికి చిక్కడానికి 1895 దాకా పట్టింది. 1874లో శుక్రుడు సూర్యుడి ముందు నుంచి దాటుతుంటే వరసగా ఫొటోలు తీసే యంత్రాన్ని తయారు చేసింది కూడా ఈ జాన్సెనే. ఇదంతా చెప్తే బావమరిది, "సరే, ముందు ప్రత్తిపాడులో టీ తాగుదాం" అన్నాడు.

పొలం చేరేసరికి పొద్దు వాలుతోంది. కల్లంలో కాయలు కుప్ప చేసి, మంచు పడకుండా పట్టాలు కప్పేశారు. కాపలాకి మా పెద్దమావయ్య, పక్క కల్లం వాళ్ళు ఇద్దరు. మిరప దుమ్ము అద్దం మీద పడితే వదిలించడం కష్టం, అందుకని కుప్పలకి దూరంగా, గాలి వచ్చే వైపు స్టాండు నిలబెట్టాం. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే గొట్టం మూత తీశాను.

మన గుంటూరులో ధ్రువనక్షత్రం 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ఆ రాత్రి అది తాడిచెట్ల వెనకాల, గుంటూరు ఊరి వెలుగులో కలిసిపోయింది. ధ్రువనక్షత్రం వైపు గురిపెట్టి నిలబెట్టాల్సిన ఖరీదైన ఈక్వటోరియల్ మౌంటు (స్టాండు తల) తెచ్చుకుని ఉంటే దాన్ని వెతకడానికే సగం రాత్రి అయ్యేది. మాది పైకీ కిందకీ, పక్కకీ తిరిగే మామూలు గోటూ మౌంటు, చెప్పిన చుక్క వైపు మోటార్లతో తనే తిరుగుతుంది. దాని మీద ఆరంగుళాల న్యూటోనియన్ అనే అద్దాల టెలిస్కోపు, కన్ను పెట్టి చూసే కటకం, అంటే ఐపీస్ ఉండాల్సిన చోట చిన్న కలర్ కెమెరా, అక్కడి నుంచి యూఎస్‌బీ కేబుల్ ల్యాప్‌టాప్‌కి. ల్యాప్‌టాప్‌ని అట్టపెట్టెలో పెట్టి స్క్రీన్‌కి ఎర్ర జిలుగు కాగితం అంటించాం. మంచుకి కీబోర్డు తడవదు, వెలుగు బయటికి రాదు. రంగులు చూడాలనుకున్నప్పుడు కాగితం ఎత్తితే సరి.

మన కన్ను వెలుగుని కూడబెట్టలేదు. సెకనులో ఏ పదో వంతో చూసి మెదడుకి అప్పజెప్పేస్తుంది. పైగా చీకట్లో దానికి రంగులు తెలియవు. కెమెరా అలా కాదు. ఎనిమిదేసి సెకన్ల ఫ్రేములు తీస్తుంటే షార్ప్‌క్యాప్ అనే సాఫ్ట్‌వేర్ ప్రతి ఫ్రేములో చుక్కల్ని గుర్తుపట్టి, వాటిని ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేలా జరిపి, అవసరమైతే తిప్పి, సగటు తీస్తుంది. నాలుగు ఫ్రేములు కలిస్తే బొమ్మ మీద ఇసక చల్లినట్టుండే గరుకు సగానికి తగ్గుతుంది, పదహారు కలిస్తే నాలుగో వంతుకి. లైవ్ స్టాకింగ్ అంటే ఇంతే. మధ్యలో ఒక శాటిలైట్ తెల్లగీత గీసుకుంటూ పోయింది. బావమరిది అయ్యో అన్నాడు గానీ, మిగతా ఫ్రేముల్లో లేని గీతని సాఫ్ట్‌వేర్ లెక్కలోంచి తీసేసింది.

మొదట ఓరియన్ నీహారిక, ఎం42 అనే వాయువూ ధూళీ నిండిన మేఘం. ఒక్క ఫ్రేముకే రెక్కలు విప్పింది. అప్పుడు లేచాడు పెద్దమావయ్య, నులకమంచం మీద నుంచి. కంటి ఆపరేషన్ అయిన మనిషి, వంగి గొట్టంలోకి చూడలేడు. స్క్రీన్ ముందు పీట వేసుకుని కూర్చుని కాసేపు చూసి, "అల్లుడుగారూ, ఇది ఇప్పటిదేనా, రికార్డింగా?" అన్నాడు.

నోటితో చెప్తే నమ్మే మనిషి కాదు. స్టాకింగ్ ఆపి, విడి ఫ్రేములు వచ్చేలా పెట్టి, గొట్టం మూతికి చెయ్యి అడ్డం పెట్టాను. తర్వాతి ఫ్రేములో స్క్రీన్ నల్లబడింది. చెయ్యి తీస్తే నీహారిక తిరిగొచ్చింది. ఆయన లేచి తన కండువా అడ్డం పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. పక్క కల్లం వాళ్ళని కేకేసి వాళ్ళ చేత కూడా పెట్టించాడు. ఆ తర్వాత ఎవరికీ అనుమానం లేదు. వెలుగు బయల్దేరి పదమూడు వందల ఏళ్ళు దాటిందని చెప్తే మాత్రం ఒకాయన నవ్వి ఊరుకున్నాడు.

ఆ రాత్రికి నేను అసలు వచ్చింది గుర్రం తల కోసం, ఎర్రటి వెలుగు మీద ఆ ఆకారంలో కనిపించే నల్లటి ధూళి మేఘం. గొల్లకావిడి మూడు చుక్కల్లో తూర్పు చివరిదాని కింద ఉంటుంది. పెద్ద టెలిస్కోపుల్లో కూడా కంటికి దొరకడం గగనం. మొదటి ఫ్రేములో చుక్కలు, గరుకు తప్ప ఏమీ లేవు. నిమిషం దాటాక స్క్రీన్ అడ్డంగా మాసిన ఎరుపు చార తేలింది. మసక వెలుగు తేలేలా హిస్టోగ్రాం అనే వెలుగు గ్రాఫుని కొద్దిగా లాగాను. నాలుగైదు నిమిషాలకి ఆ ఎరుపులో ఒక చోట బొటనవేలి గోరంత నలుపు నొక్కు. ఇంకాసేపటికి మెడ, మూతి. "గుర్రం!" అన్నాడు బావమరిది, నేను చెప్పకముందే. 1888లో హార్వర్డ్‌లో తీసిన ఒక ఫొటో ప్లేటు మీద విలియమినా ఫ్లెమింగ్ దీన్ని మొదట పట్టుకుంది. అంటే మనుషులకి ఇది తెలిసిందే ఫొటోలో. దాన్ని స్క్రీన్ మీద చూడటం చూడటం కాదంటే, ఇక దాన్ని చూసినవాళ్ళు ఏ కొద్దిమందో.

అలాగని ఐపీస్ ఎందుకూ పనికిరాదని నేననను. తెల్లవారుజామున దక్షిణాన ఒమేగా సెంటారి వచ్చింది. సుమారు కోటి నక్షత్రాల గుంపు. ఉత్తరాది వాళ్ళకి అది నేలకి ఆనుకుని దుమ్ములో పోతుంది, మనకి 26 డిగ్రీల దాకా లేస్తుంది. సముద్రం వైపు ఊళ్ళు తక్కువ కాబట్టి అటు ఆకాశం శుభ్రంగా ఉంది. కెమెరాలో అది తెల్లగా, ముద్దగా వచ్చింది. కెమెరా విప్పి ఐపీస్ పెడితే అంచుల్లో సన్నటి చుక్కలు విడివిడిగా మెరిశాయి. ఆ మెరుపు ఏ స్క్రీనూ ఇవ్వలేదు. నీహారికలకీ గెలాక్సీలకీ ల్యాప్‌టాప్, ఇలాంటి నక్షత్ర గుచ్ఛాలకీ గ్రహాలకీ కన్ను, అదీ నా లెక్క.

పెద్దమావయ్య ఒప్పుకోలేదు. "నాకు పెట్టెలోనే పెట్టండి" అన్నాడు. మళ్ళీ కెమెరా బిగించి ఫోకస్ చేసేసరికి గొట్టం లోపలి చిన్నద్దానికి మంచు పట్టింది, తూర్పు తెల్లబడుతోంది. నాలుగు మసక ఫ్రేములు తప్ప రాలేదు. ఆయన పెద్దగా పట్టించుకోలేదు. "ఆ గుర్రం ఫొటో హైదరాబాదులో మావాడికి వాట్సాప్ పెట్టండి అల్లుడుగారూ, నేను తీశానని రాయండి" అని పట్టాలు తియ్యడానికి వెళ్ళాడు. అలాగే రాసి పంపాను.