హెల్మెట్ లోపలి హోరు

రొయ్యల మేత కంపెనీల్లో ఫీల్డ్ పని చేసే మాకు నడుం నొప్పి, కళ్ల మంటలు మామూలే. నలుగురం కలిస్తే ఏ డాక్టరు మంచివాడు, ఏ బెల్టు కట్టుకోవాలి అని వాటి గురించే మాట్లాడుకుంటాం. చెవుల ఊసు ఎవరూ ఎత్తరు. నాకొచ్చింది నొప్పి కూడా కాదు, అందుకే అది జబ్బని తోచడానికి చాలా కాలం పట్టింది.

నాది నెల్లూరు. పెన్నా వంతెన దాటి కోవూరు, కొడవలూరు మీదుగా అల్లూరు, ఇస్కపల్లి. అటు బిట్రగుంట, జువ్వలదిన్నె, కావలి. ఇదీ నా లైను. రొయ్యల గుంటల గట్ల మీద నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల మోత ఉంటుంది, కరెంటు పోతే జనరేటర్ మోత. అయినా రోజులో ఎక్కువ భాగం గడిచేది బండి మీదే, అందులోనూ చెన్నై–కోల్‌కతా హైవే మీద.

మొదట తేడా తెలిసింది సాయంత్రాలు. ఇంటికొచ్చి హెల్మెట్ తీశాక కాసేపు అందరి మాటలూ దూరం నుంచి వస్తున్నట్టుండేవి. స్నానం చేసి అన్నం తినేసరికి సర్దుకునేది. తర్వాత తర్వాత తెల్లారితే గానీ సర్దుకునేది కాదు. టీవీ సౌండు పెరిగింది. ‘‘వీధి చివరిదాకా వినపడతా ఉండాది, తగ్గించండి’’ అని మా ఆవిడ రిమోట్ లాక్కునేది. ఫోన్లో రైతు ఇరవై బస్తాలన్నాడో అరవై అన్నాడో తేలక, ‘‘వాట్సాప్‌లో పెట్టన్నా’’ అనడం అలవాటైంది. మా పాప మాట్లాడితే గొంతు వినబడేది, మాట తెలిసేది కాదు. చివరికి ఒక రాత్రి కరెంటు పోయి ఫ్యాన్ ఆగింది. రెండు చెవుల్లోనూ సన్నగా, తెగకుండా కీమని మోత. బయట కీచురాళ్లేమో అని కిటికీ మూశాను. మోత తగ్గలేదు.

‘‘వేడి చేసుంటుంది, వెల్లుల్లి కాచిన నూనె నాలుగు చుక్కలు పోస్తే పోద్ది’’ అంది మా అత్తమ్మ. ఆమె నూనె కాచేలోపే మా ఆవిడ ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర టోకెన్ తీసింది.

డాక్టర్ చెవుల్లోకి లైటు వేసి చూశారు. కర్ణభేరి బాగుంది, గుబిలి లేదు. షుగర్, బీపీ ఉన్నాయా అని అడిగారు. జెంటామైసిన్ లాంటి ఇంజెక్షన్లు ఏమైనా పడ్డాయా అన్నారు, అలాంటి కొన్ని మందులు లోపలి చెవిని దెబ్బతీస్తాయట. తర్వాత, ‘‘ఎట్లా వచ్చారు?’’ అన్నారు.

‘‘కావలి నుంచి నేరుగా బండి మీదే సార్.’’

‘‘అయితే ఈ రోజు వినికిడి పరీక్ష వద్దు.’’

పెద్ద మోతలో గడిపిన చెవి కొన్ని గంటలపాటు మందగించే ఉంటుంది. అప్పుడు పరీక్ష చేస్తే ఏది తాత్కాలికమో, ఏది ఉండిపోయేదో తేలదు. కనీసం 14 గంటలు మోతకు దూరంగా ఉండి రమ్మన్నారు. ఆటో కూడా వద్దన్నారు. మర్నాడు పొద్దున మా బావమరిది కారులో దించాడు.

గాజు తలుపున్న చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ పెట్టి, శబ్దం వినబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. చేతికొచ్చిన ఆడియోగ్రామ్‌లో, అంటే వినికిడిని గీతగా చూపే కాగితంలో, కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు. గీత మొదట్లో సాఫీగానే ఉంది. 4000 హెర్ట్జ్ (శబ్దం ఎంత సన్నదో చెప్పే లెక్క) దగ్గర గుంటలో పడి, 8000 దగ్గర మళ్లీ పైకి లేచింది. రెండు చెవులకీ ఇంచుమించు అదే తీరు. వయసుతో వచ్చే చెవుడైతే గీత చివరిదాకా దిగుతూ పోతుందట, ఇలా మధ్యలో గుంటపడి లేస్తే ముందు మోత దెబ్బనే అనుమానిస్తారట. స, చ, త లాంటి హల్లులకు కావలసిన సన్నటి శబ్దాలు ఎక్కువగా పై స్థాయిల్లో ఉంటాయి. మా పాప గొంతు వినబడి మాట తెలియకపోవడం అందుకే.

‘‘నా బండికి కంపెనీ సైలెన్సరే సార్, మార్చలేదు’’ అన్నాను.

‘‘ఇంజన్ది కాదు. గాలిది.’’

ఇది నాకు కొత్త. అరవై డెబ్బై దాటితే ఇంజన్ మోతను గాలి మోత మించిపోతుంది. హెల్మెట్ తలకు రక్షణ, చెవికి కాదు. గడ్డం కింద ఖాళీలోంచి సుడి తిరిగే గాలి లోపల బొంగురు హోరు పుట్టిస్తుంది, హెల్మెట్ లోపలి స్పాంజి ఆ బొంగురు శబ్దాన్ని పెద్దగా ఆపలేదు. వంద కిలోమీటర్ల స్పీడు దగ్గర అది 95 డెసిబెల్స్ దాకా వెళ్లొచ్చు. చెవి రోజుకు 85 డెసిబెల్స్ మోతను 8 గంటలు ఓర్చుకుంటుందని ఒక లెక్క ఉంది. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది: 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి గంట. నేను హైవే మీద గడిపేది గంట కంటే ఎక్కువే. పైగా ఎండాకాలం సాయంత్రాలు కావలి నుంచి నెల్లూరు తిరిగొచ్చేటప్పుడు దక్షిణపు గాలికి ఎదురెళ్లాలి. బండి ఎనభైలోనే ఉన్నా చెవికి తగిలే గాలి వేగం అంతకు మించి ఉంటుంది. పొద్దున వెళ్లేటప్పుడు లేని హోరు తిరుగు ప్రయాణంలో ఎందుకో అప్పుడర్థమైంది.

లోపలి చెవిలో శంఖంలా చుట్టుకున్న కాక్లియా ఉంటుంది, అందులో శబ్దాన్ని పట్టే సన్నటి వెంట్రుకల్లాంటి హెయిర్ సెల్స్. అవి చచ్చిపోతే మనిషిలో మళ్లీ మొలవవు. మందు లేదని డాక్టర్ సూటిగానే చెప్పారు. మందులున్నాయని ఎవరైనా వేలకు వేలు గుంజితే ఇవ్వొద్దన్నారు.

మా పెదనాన్న బిట్రగుంట లోకో షెడ్డులో చేశాడు, ఆవిరి ఇంజన్ల కాలంలో. పెద్దయ్యాక ఆయనతో మాట్లాడాలంటే పక్క వీధికి వినబడేలా అరవాలి. ‘షెడ్డు చెవుడు’ అని నవ్వేవాళ్లు. 1886లోనే గ్లాస్గోలో థామస్ బార్ అనే చెవి డాక్టర్ బాయిలర్లు తయారుచేసే కార్మికుల్ని పరీక్షించి, మోత వాళ్ల వినికిడిని ఎంతగా తినేసిందో రాసిపెట్టారు. ఆ మాట బిట్రగుంట దాకా రాకపోవడం మీద నాకు ఇప్పటికీ కోపమే.

పగలు పరవాలేదు గానీ, రాత్రుళ్లు టెన్షన్. చెవిలో మోత వినబడుతుందేమో అని వినడం, వింటే నిద్ర పట్టకపోవడం, నిద్ర లేకపోతే మోత పెద్దదవడం. దీనికి మాత్రం దారి ఉందన్నారు. నిశ్శబ్దంలో పడుకోవద్దు. ఫ్యాన్, వాన చప్పుడు, సన్నగా రేడియో, ఏదో ఒకటి ఉండాలి. అయితే మోత పూర్తిగా మునిగిపోయేంత పెట్టకూడదు, దానికంటే ఒక మెట్టు తక్కువ ఉండాలి. అప్పుడు మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. వారాల్లో కాదు, నెలల్లో. నా ఫోన్లో అలల చప్పుడు పెట్టుకున్నాను. రోజూ సముద్రం పక్కన తిరిగేవాడికి ఫోన్లో సముద్రం ఏందని మా బావమరిది వెక్కిరించాడు. పనిచేసింది.

ఉన్న వినికిడిని కాపాడుకోవాలంటే బండి మీద ఇయర్‌ప్లగ్స్ తప్పనిసరి అన్నారు. దూది సరిపోదు, అది ఆపేది చాలా తక్కువ. బ్యాండు ఉన్నవీ, చెవి మొత్తం మూసే పెద్ద మఫ్‌లూ హెల్మెట్‌లో పట్టవు.

ముందు ఫోమ్‌వి కొన్నాను. ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుందో చెప్పే అంకె ప్యాకెట్ మీద 33 అని ఉంటే అదే మేలనుకుని తీసుకున్నాను. సన్నగా పుల్లలా నలిపి, రెండో చేత్తో తల వెనకనుంచి చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి తోసి, ఉబ్బేదాకా అరనిమిషం వేలు పెట్టి ఉంచాలి. సరిగ్గా కూర్చుంటే లోకం ఆగిపోయినట్టే. కానీ దగదర్తి దగ్గరికి వచ్చేసరికి ఎడమ చెవి సలపడం మొదలయ్యేది. నా ఎడమ చెవి దారి కుడిదానికంటే ఇరుకట. చాలామందికి రెండూ ఒక సైజు ఉండవని వినికిడి పరీక్ష చేసే ఆడియాలజిస్ట్ చెప్పింది. నొప్పి పుట్టాక ఏం చేస్తాం, బండి ఆపి పీకి జేబులో వేస్తాం. జేబులో ఉన్న ప్లగ్ ఆపే మోత సున్నా.

ఆమే ఇంకో లెక్క చెప్పింది. ప్యాకెట్ మీది అంకె ల్యాబ్‌లో, నేర్పరి చేతులతో పెట్టినప్పుడు వచ్చేది. ఫోమ్ ప్లగ్ విషయంలో బయట అందులో సగం వచ్చినా మంచిదే. అయినా నాకు కావలసింది ఎంత? 95ని 85 కిందికి దించాలి, అంటే పది పదిహేను నిజంగా తగ్గితే చాలు. అంతకోసం నొప్పి భరించి 33 పెట్టుకోవడం దేనికి? దారంతా చెవిలో ఉండగలిగేది చూసుకోమంది. అప్పటినుంచి అంకెలు చూడటం మానేసి, హెల్మెట్ వేసుకున్నాక ఎలా ఉందో చూడటం మొదలుపెట్టాను.

గొడుగుల్లా మూడు అంచులున్న సిలికాన్ ప్లగ్ వేలితో పెట్టుకుంటే హాయిగానే ఉంది. హెల్మెట్ దించగానే దాని తోక లోపలి మెత్తకు తగిలి, గతుకు పడ్డప్పుడల్లా చెవిలోకి పొడిచింది. హెల్మెట్ తీసేటప్పుడు అదే తోక చిక్కుకుని ఒకసారి ఊడి అల్లూరు కాలవలో పడింది. దుకాణంలో చెవికి పెట్టుకుని చూస్తే ఇవేవీ తెలియవు. హెల్మెట్ వెంట తీసుకెళ్లి, వేసుకుని, దవడ ఆడించి, మెడ అటూ ఇటూ తిప్పి చూడాలి.

ఇంతలో కార్తీకం వానలు. చెమట, తడి హెల్మెట్, చెవిలో చెమ్మ పట్టిన ఫోమ్. ముందు దురద, తర్వాత చెవి మూసుకుపోయినట్టు ఉండటం, తర్వాత నీరు కారడం. డాక్టర్ మైక్రోస్కోప్‌తో చూసి ఫంగస్ అన్నారు. గొట్టంతో లోపలంతా పీల్చి శుభ్రం చేశారు. ఆ చప్పుడుకు నా ప్రాణం పోయింది గానీ నొప్పి తక్కువే. క్లోట్రిమజోల్ చుక్కలు రాశారు. నీళ్లు తగలకూడదు, పుల్ల పెట్టకూడదు, మానేదాకా ఏ ప్లగ్గూ పెట్టకూడదు. అత్తమ్మ నూనె సంగతి కూడా చెప్పాను. తడిగా, వెచ్చగా ఉన్నచోటే ఫంగస్ పెరుగుతుంది, ఇక అందులో నూనె కూడా పోయకండి అన్నారు. మానేదాకా బస్సులోనూ, కంపెనీ వ్యానులోనూ తిరిగాను. మేనేజర్ మొహం మాడ్చుకున్నాడు.

చెవి మానాక ఫిల్టర్ ఉన్న సిలికాన్ ప్లగ్స్‌కు మారాను. పొట్టివి, చెవి అంచుకు సమంగా కూర్చుంటాయి, హెల్మెట్ మెత్తకు తగలవు. సైజులు విడిగా దొరికితే ఎడమకు చిన్నది, కుడికి మధ్య రకం. వేసుకునే ముందు కొసకు కాస్త తడి చేస్తే దురద లేదు. సాయంత్రం సబ్బునీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి డబ్బాలో వేస్తాను. బండిలో మార్పు చేయకపోయినా మెడకు తువ్వాలు చుట్టి గడ్డం కింది ఖాళీ మూస్తాను, దాంతో హోరు తేడా తెలిసేంత తగ్గింది. స్పీడు కూడా దించాను.

హారన్లు వినబడవేమో అని మొదట్లో నాకూ భయమే. వెనకొచ్చే గ్రానైట్ లారీ హారన్ ఇప్పుడు ముందుకంటే స్పష్టంగా తెలుస్తోంది, ఎందుకంటే దాన్ని ముంచేసే గాలి హోరు కూడా తగ్గింది. ప్లగ్ లేనప్పుడు అన్నీ కలిసి ఒకే గోల. అయినా కొత్తలో కొన్నాళ్లు ఊళ్లోనే పెట్టుకుని అద్దాలు ఎక్కువ చూస్తూ అలవాటు చేసుకోవడం మేలు.

ఈ మధ్య చేయించిన ఆడియోగ్రామ్‌లో 4000 దగ్గరి గుంట అలాగే ఉంది. లోతు పెరగలేదు. సాయంత్రం మందం పోయింది, పాప మాటలు చాలావరకు అందుతున్నాయి, మోత రాత్రి వెతికితే దొరుకుతుంది. ఏటా ఒకసారి పరీక్షకు రమ్మన్నారు. ఒక చెవి ఉన్నట్టుండి మూగబోయినా, ఒక్క చెవిలోనే మోత మొదలైనా, మోత గుండె కొట్టుకునే లెక్కన వచ్చినా ఆగకుండా రావాలన్నారు. ముఖ్యంగా ఉన్నట్టుండి పోయిన వినికిడికి మొదటి రోజుల్లోనే మందు పడాలట. చెవి అచ్చు తీసి చేసే కస్టమ్ ప్లగ్స్ అడిగాను. మెత్తటి సిలికాన్ ముద్ద చెవిలో పోసి, గట్టిపడ్డాక తీసి ల్యాబ్‌కు పంపుతారు, హియరింగ్ ఎయిడ్ అచ్చులు తీసేవాళ్లే ఇదీ చేస్తారు. అన్నిటికంటే సుఖం అవే అంటారు. ధర నా జీతానికి బరువు, ఇంక్రిమెంట్ పడితే చూద్దామని ఆగాను.

మొన్న ఇస్కపల్లిలో ఒక రైతు నా చెవుల్లోంచి తీస్తుంటే చూసి, ‘‘అవేంది సార్, బిరడాలు ఉండాయి?’’ అన్నాడు. చెప్పాను. జనరేటర్ షెడ్డులో పనిచేసే కుర్రాడికి పనికొస్తాయా అని అడిగాడు. వాడికి హెల్మెట్ ఉండదు కాబట్టి ఇవి అక్కర్లేదు, చెవులు మొత్తం మూసే మఫ్‌లు కొనివ్వన్నా, పెట్టడం తీయడం తేలిక అన్నాను. ‘‘మరి వాడు వాటిలో పాటలు వింటే?’’ అన్నాడు. వాటిలో పాటలు రావన్నాక గానీ ధర అడగలేదు.