కొండ కుడిచేతి వైపు

పెళ్ళై ఐదేళ్ళైనా మాకు పిల్లలు లేకపోతే మా అమ్మ మమ్మల్నిద్దర్నీ సింహాచలం తీసుకెళ్ళి గుడిలో కప్పస్తంభమనే రాతి స్తంభాన్ని కౌగిలించుకోమంది. మరుసటి ఏడాదే మావాడు పుట్టాడు. బిడ్డకు నడిచే ఓపిక వచ్చాక తండ్రీకొడుకులు గిరి ప్రదక్షిణ చేస్తారని అమ్మ అప్పుడే మొక్కేసింది. అమ్మ పోయి నాలుగేళ్ళైంది. వాడికి పదహారొచ్చాయి. మొక్కు అలాగే ఉండిపోయింది.

పదో తరగతి ఫలితాలప్పుడు లెక్కల్లో మార్కులు తగ్గాయని నేను వాడితో మాట్లాడటం మానేశాను. తర్వాత మాటలు కలిశాయి గానీ, తిన్నావా, చదివావా, అంతవరకే. ఇద్దరమే ఎక్కడికైనా వెళ్ళొస్తే బాగుంటుందనిపించి అరకు రైలుకి టికెట్లు చూస్తుంటే, "అత్తయ్య మొక్కు ఉంది కదండీ" అని మా ఆవిడ గుర్తుచేసింది. వాడినడిగాను. ఎన్ని కిలోమీటర్లన్నాడు. 32 అన్నాను. కాసేపు ఊరుకుని, "అయితే ప్లాన్ నాది" అన్నాడు. నేను సరేనన్నాను. పిల్లాడితో కలిసి ఏదైనా యాత్ర అనుకునే తండ్రులకి మనస్ఫూర్తిగా చెబుతున్నాను, ఏర్పాట్లు వాడి చేతికివ్వండి.

ప్రదక్షిణ ఆషాఢ పౌర్ణమికి ముందురోజు మొదలవుతుంది. అక్షయ తృతీయనాడు చందనం తీసిన నిజరూప దర్శనం అయ్యాక అప్పన్న స్వామికి, అంటే సింహాచలం నరసింహస్వామికి, నాలుగు విడతలుగా చందనం సమర్పిస్తారు. ఆఖరి విడత ఈ పౌర్ణమికే. మాకు నెలరోజుల టైముంది. రోజూ తెల్లవారుజామున ఆర్కే బీచ్ నుంచి తెన్నేటి పార్కు వైపు నడక మొదలుపెట్టాం. మొదటి వారం వాడు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నాకంటే యాభై అడుగులు ముందుండేవాడు. చెప్పుల్లేకుండా నడవాలి కాబట్టి చివరి పదిరోజులూ ఒట్టికాళ్ళతోనే నడిచాం. అప్పుడు మాత్రం వాడికీ వేగం తగ్గింది.

వాడి లిస్టు చూసి ఆశ్చర్యపోయాను. కొబ్బరి నూనె చిన్న సీసా, దూది, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, తువ్వాలు, ఫోన్లకు ప్లాస్టిక్ కవరు, నా మోకాలికి బ్యాండు. నీళ్ళు ఒక్క బాటిలే. దారంతా మజ్జిగ, పులిహోర, పళ్ళు ఇచ్చేవాళ్ళుంటారు, బరువు మోయొద్దన్నాడు. జనంలో విడిపోతే ఫోన్ కలవకపోవచ్చు కాబట్టి ముందున్నవాళ్ళు తర్వాతి జంక్షన్‌లో కొండ వైపు ఆగాలి. ప్రదక్షిణలో కొండ ఎప్పుడూ కుడిచేతి వైపే ఉంటుంది కదా, వెతుక్కోవడం తేలికట.

మధ్యాహ్నం మూడింటికి కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టాం. నేల కొబ్బరినీళ్ళతో తడిసి జారుతోంది. "సింహాద్రి అప్పన్నా, గోవిందా!" అంటూ జనం కదులుతుంటే మనం నడవక్కర్లేదు, వాళ్ళే తీసుకెళ్ళిపోతారు. చంకలో పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, కర్ర పట్టుకున్న ముసలమ్మలు, పల్లెల నుంచి బంధుబలగంతో వచ్చినవాళ్ళు. అడవివరం దాటి ముడసర్లోవ వచ్చేసరికి సన్నగా జల్లు పట్టుకుంది. హనుమంతవాకలో ఎవరో కాగితం కప్పులో వేడివేడి పాలు ఇస్తే ఇద్దరం నిలబడే తాగేశాం.

అప్పుఘర్ చేరేసరికి బాగా చీకటి పడింది. చాలామంది ఇక్కడ సముద్రస్నానం చేసి మళ్ళీ నడుస్తారు. మేమూ మునిగి వచ్చి తడి ఇసుకలో కూర్చున్నాం. వాడికి స్థలపురాణం చెప్పాను. హిరణ్యకశిపుడు ప్రహ్లాదుణ్ణి సముద్రంలో పడేయించి, పైన ఈ కొండనే పెట్టించబోతే స్వామి వచ్చి కాపాడాడని. చిన్నప్పుడు మా అమ్మ వాడికి చెప్పిన కథే.

విన్నాక వాడు ఇసుకలో వేలితో గీతలు గీస్తూ, "సముద్రంలో వేయించింది నాన్నే కదా" అన్నాడు.

నాకు వెంటనే మాట రాలేదు. అలలొచ్చి కాళ్ళ దాకా తగిలి వెళ్తున్నాయి.

"అవున్రా. నేనూ నీతో పదిరోజులు మాట్లాడలేదు. తప్పు నాదే" అన్నాను.

"పదకొండు" అన్నాడు.

లెక్కపెట్టుకున్నాడన్నమాట. భుజం మీద చెయ్యి వేశాను. తీయలేదు. కాసేపటికి తనే లేచి, "పద నాన్నా, ఇంకా సగం కూడా కాలేదు" అన్నాడు.

ఆ తర్వాత వాడు ముందుకు వెళ్ళలేదు. ఎంవీపీ కాలనీ, వెంకోజీపాలెం, ఇసుకతోట, సీతమ్మధార, అన్నిచోట్లా పక్కనే నడిచాడు. నేను ఎప్పుడూ బండి మీద దాటిపోయే వీధులే, అర్ధరాత్రి ఇళ్ళ ముందు ముగ్గులేసి, బల్లలు పెట్టి, "రండి బాబూ, తాగి వెళ్ళండి" అని పిలుస్తున్నాయి. మాటలు ఎక్కడెక్కడికో వెళ్ళాయి. తనకు లెక్కల కంటే చరిత్ర ఇష్టమని, కృష్ణదేవరాయలు 1516లో ఈ కొండకు వచ్చినప్పటి శాసనం గుడిలో ఉందట, పైకి వెళ్ళాక చూడాలని చెప్పాడు. మా ఇంట్లో పదహారేళ్ళుగా ఉంటున్న మనిషి సంగతి నాకప్పుడు తెలిసింది.

కైలాసపురం దగ్గర వాడు కుంటడం చూశాను. వానకు నానిన మడమ మీద పెద్ద బొబ్బ. ఆపేద్దామంటే ఒప్పుకోలేదు. రోడ్డు పక్క అరుగు మీద కూర్చోబెట్టి, కాలు ఒళ్ళో పెట్టుకుని, తువ్వాలుతో తుడిచి, నూనె రాసి దూది పెట్టి నా జేబురుమాలు చుట్టాను. పక్కనే కూర్చున్న పెద్దాయన, "మడమ మీద బరువెయ్యకు బాబూ, మీ నాన్న భుజం పట్టుకుని నడువు" అన్నాడు. అక్కణ్ణుంచి మాధవధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం దాకా వాడి చెయ్యి నా భుజం మీదే ఉంది. నా మోకాలు పట్టేసినప్పుడు వాడూ ఆగాడు.

తెల్లవారకముందే గోశాల దాటి మళ్ళీ తొలిపావంచా చేరాం. పైకి వెళ్ళాక దర్శనానికి క్యూలో చాలాసేపు పట్టింది. చందనంలో ఉన్న స్వామిని చూసింది రెండు క్షణాలే. అమ్మ పేరు చెప్పి దణ్ణం పెట్టుకున్నాను. జనంలో శాసనం వెతకడం కుదరలేదు. రద్దీ లేనప్పుడు దానికోసమే ఒకసారి వద్దామనుకున్నాం.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ టబ్బులో ఉప్పేసిన వేణ్ణీళ్ళు పెట్టి ఉంచింది. ఇద్దరం ఎదురెదురుగా కుర్చీలేసుకుని కాళ్ళు అందులోనే పెట్టాం. నాలుగు పాదాలూ పట్టడంలేదు. వాడిది నా పాదం కంటే బొటనవేలంత పొడుగు. ఎప్పుడు పెరిగిందో చూడనేలేదు.

"కొంచెం జరుగు నాన్నా" అన్నాడు కళ్ళు మూసుకునే.

జరిగాను.